వెనక్కి జరగండమ్మా

నేను బాలస్వామి జట్కా ఎక్కినప్పుడల్లా మా ఇద్దరికీ ఒకటే తగువు. "వెనక్కి జరగండమ్మా," అంటాడతను. నేను జరగను. రేపల్లె స్టేషను దగ్గర మా ఇంటి నుంచి లూథరన్ గుడి దాకా, ప్రతి ఆదివారం, పదకొండేళ్లుగా ఇదే వరస. నాది బరువైన ఒళ్లు, పైగా మోకాళ్ల నొప్పులు. వెనక అంచున కూర్చుంటే చక్రాలు లేపే దుమ్మంతా నా తెల్లచీర మీదే పడుతుంది. అందుకని అందరికన్నా ముందే ఎక్కి, అతని వీపు వెనకే చతికిలబడేదాన్ని. బస్సు కండక్టరులా ఇంకొకరిని కుక్కడానికే జరగమంటున్నాడని నా నమ్మకం.

"నేను జరగను బాలస్వామీ. ఇంకెవర్ని ఎక్కిస్తావో నేనూ చూస్తా," అనేదాన్ని. పక్కనున్న ఏసమ్మ, రాజమ్మ ముసిముసిగా నవ్వేవారు.

ఎనభై ఏడు వేసవిలో ఒక ఆదివారం, ఆరాధనకు ముందు, గుడి పక్క గదిలో పిల్లలకు మూడో ఆజ్ఞ చెబుతున్నాను. విశ్రాంతి దినాన మనమే కాదు, మన పశువులు కూడా పని చేయకూడదని వివరిస్తూ కిటికీలోంచి చూశాను. బాలస్వామి బండి విప్పి, జీను తీసి, గుర్రాన్ని గోడ నీడకు కట్టి నీళ్లకు వెళ్లినట్టున్నాడు. దాని పేరు చిట్టి. చిట్టి వీపు మీద కాకి వాలి పుండు పొడుస్తోంది. అది తోక విసిరింది, తల విదిల్చింది. కాకి కదల్లేదు.

నా పాఠం అక్కడే ఆగిపోయింది. ఆ ఆజ్ఞ వల్లించడానికి నన్ను మోసుకొచ్చింది ఆ పశువే.

నా కోపం ఊరందరికీ తెలుసు. బయటికి పరుగెత్తి కాకిని తోలి, బకెట్టుతో వస్తున్న బాలస్వామి మీద పడ్డాను.

"మనిషివేనా నువ్వు? పుండున్న దాన్ని బండికి కడతావా?"

"నిన్నటిదాకా వాపేనండి. ఇవాళే చిట్లింది."

"అసలెందుకు వచ్చింది?"

"చెప్తే కోప్పడతారండి."

"ఇప్పుడేమన్నా ముద్దు చేస్తున్నానా?"

అతను తల గోక్కున్నాడు. "బరువు ముందుకొస్తే బండి కర్రలు దాని వీపు మీది జీనును నొక్కుతాయండి. వెనక్కి జరగండని అనేది అందుకేనండి."

"ఇంకొకర్ని ఎక్కించుకోవడానికి కాదా?"

"నలుగురు దాటి ఎప్పుడన్నా ఎక్కించానా అండి?"

లేదు. పదకొండేళ్లలో ఒక్కసారీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఊరందరికీ నీతులు చెప్పే పంతులమ్మని!

"ఆ మాటేదో అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీ బరువు సంగతి మీతో ఎట్లా చెప్పేదండి?"

బకెట్టు చిట్టి ముందు పెట్టి మళ్లీ అతనే అన్నాడు. "మూడు వారాలు కట్టకపోతే మానుద్దండి. కట్టకపోతే మేమూ అదీ ఏం తినాలి? కొంటామని ఒకళ్లు తిరుగుతున్నారు. పుండున్న గుర్రాన్ని కోతకు కాక ఇంకెందుకు కొంటారండి?"

"అసలు దీంతో బండి లాగించడమే పాపమేమో బాలస్వామీ."

"ఏమోనండి. నా కూడు దాని మీదే, నన్నడిగితే ఏం చెప్తాను? దాన్నడగాలి."

మా సంఘం ఆడవాళ్లం రోజూ వంటకు బియ్యం తీసేటప్పుడు దేవుడి పేర ఒక పిడికెడు పక్కన వేస్తాం. ఆదివారం తెచ్చి గుడిలో పోస్తాం. ఆ రోజు ఆరాధన చివర లేచి నిలబడ్డాను. చిట్టి పుండు మానేదాకా ఆ బియ్యం బాలస్వామి ఇంటికి పంపుదామన్నాను.

"అది దేవుడి భాగం జ్ఞానమ్మగారూ," అన్నారు మా పాస్టరు కృపారావు అయ్యగారు.

"మూడో ఆజ్ఞ కూడా దేవుడిదేగా అయ్యగారూ. ఆ పుండు నా మూలానే పడింది. నా తెల్లచీరకు దుమ్మంటకుండా చూసుకున్నాను."

అయ్యగారు పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూసి, "సరే, పంపండి," అన్నారు. రాజమ్మ తన తమ్ముడు పనిచేసే రైసుమిల్లు నుంచి చిట్టికి తవుడు తెప్పిస్తానంది.

మూడు ఆదివారాలు గుడికి నడిచే వెళ్లాం. నా మోకాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. పుండు మూసుకుని, దాని మీద తెల్లటి వెంట్రుకలు మొలిచాయి. ఆదివారాలు చిట్టికి సెలవేనని సంఘమంతా ఒప్పుకుంది. ఆ రోజు పోయే కూలికి బదులు, వారంలో ఒక రోజు మేం తీసే పిడికెడు బియ్యం అతనిదే.

వేసవి సెలవులయ్యాక, బడి తెరిచిన సోమవారం జట్కా ఎక్కాను. బాలస్వామి నోరు తెరవకముందే వెనక అంచుకు వెళ్లి కూర్చున్నాను. బండి ముందు కర్రలు అమాంతం పైకి లేచాయి.

"అంత వెనక్కొద్దండి, పొట్ట కింద పట్టీ బిగుసుకుపోద్ది. ఓ జానెడు ముందుకండి."

జానెడు జరిగాను. "చాలా? ఇంకా జరగనా?"

బాలస్వామి పగ్గాలు వదులుగా పట్టుకుని చిట్టి చెవుల వైపు చూశాడు. చిట్టి ఒకసారి ఒళ్లు దులుపుకుని, అదిలించకుండానే నడక మొదలుపెట్టింది.

"చాలంటోందండి," అన్నాడు.