కాక్‌పిట్‌లో మూడో సీటు

"పైలట్ పెళ్ళానివి, నీకేం తక్కువ" అని గల్లీలో ఆడవాళ్ళు అన్నప్పుడల్లా స్వప్నకు ఒళ్ళు మండిపోయేది. విమానం నడిపేవాడు విమానమెక్కి ఇంటికి రావడానికి ఎన్ని తిప్పలు పడాలో వాళ్ళకేం తెలుసు? మహిపాల్ డ్యూటీ ఢిల్లీలో మొదలై ఢిల్లీలోనే ముగుస్తుంది. అక్కణ్ణుంచి ఎల్బీ నగర్‌లోని ఇంటికి ఎట్లా చేరతాడన్నది కంపెనీకి పట్టదు. టికెట్లు కొన్నవాళ్ళంతా ఎక్కాక సీటు మిగిలితే సరి. లేదంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే మూడో సీటు. అదీ దొరక్కపోతే బ్యాగు పక్కన పెట్టుకుని పడిగాపులే.

ఆ రోజు మాత్రం రాకపోతే కుదరదు. పదకొండింటికి దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో నాలుగేళ్ళ తన్మయికి ఇంటర్వ్యూ. తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలని షరతు. డిగ్రీ మొదటేడాదిలోనే చదువు ఆగిపోయిన స్వప్నకు, ఆ ప్రిన్సిపాల్ ముందు ఒంటరిగా కూర్చోవాలంటేనే వారం నుంచి అన్నం సయించడం లేదు.

ఆరింటికి ఫోనొచ్చింది. "మూడో సీటు దొరికింది. ఏడింటికి లేస్తది. పదిన్నరకల్ల ఇంట్ల ఉంట."

స్వప్నకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ముప్పావుగంట కాలేదు, మళ్ళీ మోగింది.

"స్వప్నా, జర పరేషాన్ గాకు. మా పెద్ద కెప్టెన్ సార్ ఒచ్చిండు. సీటు ఇచ్చేసిన."

"ఆయనకేం ఆపదొచ్చింది?"

"ఆపదేం లేదు. ఆయన గూడ ఇంటికే."

"మరి గుంజుకున్నడా?"

"లేదు. సార్ నిలబడితే నేనెట్ల కూసుంట? ఒచ్చే నెల నన్ను కెప్టెన్ చేసేది ఆయన చేతులనే ఉన్నది. స్కూల్ల అడిగితే డ్యూటీల ఉన్నడని చెప్పు."

బియ్యం ఏరుతున్న అత్త అండాలమ్మ తలెత్తింది. "గాలిమోటరు నడిపెటోనికి గాలిమోటర్ల జాగ లేదా? గిదేం కొలువే!"

స్వప్న పిల్లకు జడలు వేసింది.

ప్రిన్సిపాల్ లలితకుమారి గోదావరి వైపు మనిషి. నవ్వుతూనే అడిగింది.

"నాన్నగారు రాలేదేమ్మా?"

"డ్యూటీల ఉన్నడు మేడం."

"ఏం పాపా, మీ నాన్నేం చేస్తారు?"

"ఫోన్ల మాట్లాడతడు," అన్నది తన్మయి.

పక్కనున్న టీచర్లు ఫక్కుమన్నారు. స్వప్న కూడా నవ్వబోయింది గానీ పెదవి కదల్లేదు.

"రేపు ఆఖరి రోజమ్మా. ఇద్దరూ కలిసి రండి."

ఇవాళ వచ్చినా, రేపు పొద్దున్నే మహిపాల్ మళ్ళీ డ్యూటీకి ఢిల్లీ బయల్దేరాలి. స్వప్న మెట్రో మెట్ల కింద పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. చెప్తే ఉంటానంటాడు. ఆ మాట పట్టుకుని తను రాత్రంతా కూర్చోవాలి. తెల్లారేసరికి ఇంకే సారో ఫోన్ చేస్తాడు.

ఆటో ఎక్కి ఇంటి దగ్గర దిగింది. గల్లీ చివర రేకుల షెడ్డులో ఒక బడి ఉంది. ఏడాదిగా దాని ముందు నుంచి పోతూ, నా బిడ్డను ఇందులో వెయ్యనుగాక వెయ్యననుకున్నది. ఇప్పుడు తల వంచుకుని లోపలికి పోయింది.

మూడింటికి మహిపాల్ ఫోన్ చేశాడు. "శంషాబాద్‌ల దిగిన. సీదా స్కూలుకే పోయి మేడంను బతిమాలుత."

"అవసరం లేదు. మన గల్లీ బళ్ళె పేరు రాయించిన."

"గా రేకుల బళ్ళెనా? పిచ్చి లేసిందా నీకు? తండ్రి లేకుంట ఎట్ల రాస్కున్నరు?"

"తల్లి సంతకం చాలన్నరు. నువ్వు నిమ్మళంగ రా."