ప్రేమకుమారి పేరు మీద మీటరు

ఐదేండ్ల తర్వాత జయప్రకాష్ నంద్యాలకు వచ్చినప్పుడు ప్రేమకుమారి తమ్ముడి కిరాణా అంగట్లో కందిపప్పు పొట్లాలు కడుతూ ఉంది. జయప్రకాష్ ఆమె భర్త. అతనికి ఆళ్లగడ్డలో హార్డ్‌వేర్ అంగడి ఉంది. పిల్లలు పుట్టలేదని ఒకనాడు ఆమెను బస్సెక్కించి పుట్టింటికి పంపినాడు. విడాకులివ్వలేదు, మళ్లీ పిలవనూ లేదు.

ఇప్పుడు స్వీట్ల పెట్టె, ఒక ఫైలు పట్టుకుని అంగడి ముందర నిలబడినాడు. మా అమ్మ నిన్ను అడుగుతాంటుంది అన్నాడు. ప్రేమకుమారి తూకం తప్పి, అదే పొట్లాన్ని మళ్లీ తూచింది.

ఇంటి మిద్దె మీద సోలారు పెట్టిస్తున్నాడట. రెండు లక్షల దాకా ముందు తానే కట్టుకోవాలి, ఆ తర్వాత సర్కారు డెబ్బై ఎనిమిది వేలు సబ్సిడీ ఇస్తుంది. కానీ కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంటే దరఖాస్తు వాళ్లే పెట్టాలి, దుడ్లు కూడా వాళ్ల ఖాతాలోనే పడతాయి. ఇల్లు కట్టే కాలంలో అప్పులవాళ్లకు భయపడి స్థలమూ మీటరూ భార్య పేరున రాయించినాడు. అందుకని వచ్చినాడు.

అతను చూపించినచోటల్లా ఆమె సంతకం పెట్టింది. ఆరోజు నుంచి సోలారు కంపెనీలో పనిచేసే అర్చన అనే అమ్మాయికి ఫోన్లు చేసి ఒక్కొక్కటే తెలుసుకుంది. ముందు కరెంటోళ్లు ఒప్పుకోవాలి. పలకలు బిగించాక వాళ్లే వచ్చి చూసి కొత్త మీటరు పెడతారు. అదంతా అయినాకనే సబ్సిడీ. ఒక్క కాగితం తేడా వచ్చినా ఆగిపోతుంది. అక్కా, మా ఆఫీసులో వాళ్లకు కూడా ఇంత తెలీదు అని అర్చన నవ్వింది.

మెట్టుమెట్టుకూ ఓటీపీ ప్రేమకుమారి ఫోనుకే వచ్చేది. దానికోసం జయప్రకాష్ ఫోన్ చేసేవాడు. మొదట్లో అంకెలు చెప్పించుకుని పెట్టేసేవాడు. తర్వాత తర్వాత తిన్నావా అని కూడా అడిగినాడు. ఒకసారి అంకెలు కళ్ల ముందే ఉన్నా ఆమె ఇంకా రాలేదని చెప్పింది, ఇంకోసారి చేస్తాడని. చేసినాడు.

చివర్లో ఒక చిక్కు వచ్చింది. కరెంటు బిల్లులో ఆమెకు అత్తగారి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్కులో పుట్టింటి ఇంటిపేరు. రెండూ ఒకటి కావాలన్నారు. ప్రేమకుమారి పెళ్లిపత్రిక, ఆధార్ తీసుకుని నాలుగు రోజులు బ్యాంకు చుట్టూ తిరిగి పాస్‌బుక్కులో ఇంటిపేరు మార్పించుకుంది. తెచ్చి తమ్ముడి భార్య పూర్ణిమకు చూపించింది. వదిన మొగుడింటికి పోతాంది అని పూర్ణిమ వీధంతా చెప్పింది. ప్రేమకుమారి రెండు జాకెట్లు కుట్టించుకుంది.

దుడ్లు పడిన రోజు మొదటిసారి ఆమే అతనికి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే దుడ్లు తీసే బ్యాంకు ఫారం పట్టుకుని వచ్చినాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, అంగడి ముందరే పెన్ను ఇచ్చినాడు.

ఆమె పెన్ను పట్టుకుని అడిగింది. "నేనెప్పుడు రావల్ల?"

"యాడికి?"

"ఇంటికి."

జయప్రకాష్ అంగట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించినాడు. "ఆడ వేరే మనిషి ఉందే. రెండేండ్లయె. నీకు తెలుసనుకుంటి."

"మరి అత్తమ్మ అడుగుతాంటుంది అంటివే."

"ఏదో ఒకటి చెప్పల్ల గదా."

ఆమె పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చింది. సంతకం పెట్టనంది. ఆ దుడ్లు నావి, కట్టింది నేను అని అతను అరిచినాడు. సరుకులకు వచ్చినవాళ్ల ముందే గొడ్రాలు అన్నాడు, దొంగ అన్నాడు. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. తమ్ముడు శ్రీకాంత్ అడ్డం నిలబడి అతన్ని పంపించేసినాడు.

ఆ రాత్రి అన్నం పెట్టేటప్పుడు శ్రీకాంత్ మంచి పని చేసినావు అక్కా అన్నాడు. అంగట్లోకి పెద్ద ఫ్రిజ్జు తెద్దామన్నాడు. ఐదేండ్లు కూర్చోబెట్టి తిండి పెట్టినాం గదా వదినా, మేమేమన్నా అడిగినామా అని పూర్ణిమ చారు గిన్నె జరిపింది. ప్రేమకుమారి వారంలో మొత్తం తీసి ఇచ్చింది. ఫ్రిజ్జు వచ్చింది. దాని పక్కనే ఆమె స్టూలు.

మీటరు మాత్రం ఇంకా ఆమె పేరు మీదే ఉంది. నెలనెలా ఆ ఇంటి బిల్లు మెసేజి ఆమె ఫోనుకే వస్తుంది. చూడకూడదనుకుంటుంది, చూస్తుంది. మార్చిలో సోలారు కాక లైను నుంచి వాడింది నూట తొంభై యూనిట్లు. మేలో నాలుగు వందలు దాటినాయి. ఆ ఇంటి లెక్క ఆమెకు తెలుసు. హాల్లో ఉన్న ఒక్క ఏసీకి అంత కాలదు. పడకగదిలో కూడా పెట్టించినాడు. ఆమె పెండ్లయిన కొత్తలో ఉక్కపోతకు నిద్ర పట్టక అడిగితే, బిల్లు ఎవరు కడతారు అన్న గది అది.

బేరమొచ్చింది. ఫోన్ బోర్లా పెట్టి ఆమె కిలో చక్కెర తూచింది.