కొత్త పెట్టే రాయి

విరిగిన రాయి మళ్లీ పెరుగుతుందా అన్న సందేహం సైలస్‌ను ఇరవై రెండేళ్లుగా వదలలేదు. ఆ ఉదయం పెట్రోమాక్స్ లైటుకు గాలి కొడుతూ కూడా అదే ఆలోచిస్తున్నాడు. అనంతగిరి కొండల్లోని ఆ సున్నపురాతి గుహలోకి కరెంటు ఇంకా రాలేదు. చూడవచ్చినవాళ్లను లోపలికి తీసుకెళ్లి, దీపం ఎత్తి చూపించడమే అతని పని.

పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా పడే నీళ్లు నేల మీద సున్నాన్ని వదిలిపోతాయి. అది పేరుకుని పేరుకుని రాయి కిందినుంచి పైకి మొలుస్తుంది. కొన్ని వేలెడంత ఉంటాయి, కొన్ని మనిషిని మించి ఉంటాయి. సైలస్ వచ్చినవాళ్ల ముఖాలు చూసి వాటికి పేర్లు పెట్టేవాడు. నుదుట బొట్టుంటే శివలింగం, మెడలో సిలువ ఉంటే కొవ్వొత్తి. రెండూ ఒకే రాయి. ఆ రోజు విజయనగరం నుంచి వచ్చిన వరహాలరావు మేష్టారు అది కనిపెట్టేశారు.

“ఏటయ్యా, మాకు లింగమని సూపించి, ఎనకొచ్చినోళ్లకి కొవ్వొత్తి చేసేసినావు?”

“దీపం జరిగితే రూపు మారిపోద్దండి,” అన్నాడు సైలస్, నవ్వకుండా.

మలుపు దాటాక కుడివైపు చిన్న గది ఒకటుంది. అక్కడికి మాత్రం ఎవరినీ తీసుకెళ్లేవాడు కాదు, తానూ అడుగుపెట్టేవాడు కాదు. ఆ గదిలో పడే చుక్క చప్పుడు అతని వెంట ఇంటికి వచ్చేది. ప్రార్థనా మందిరంలో మోకరించినా వినిపించేది. ఒక్కోసారి నిద్రలోంచి లేచి, ఇల్లు ఎక్కడ కారుతోందోనని చేత్తో నేల తడిమేవాడు.

ఆ గదిలో ఉన్నది సోములమ్మ రాయి. సోములమ్మ అతని పెదనాన్న భార్య. ఏటా సామ పంట చేతికి రాగానే ఆ ఇంటి పెద్ద ఆడమనిషి మొదటి వెన్ను తెచ్చి ఆ రాతి మొన దగ్గర పెట్టాలి. దాన్నే కొత్త పెట్టడం అంటారు. ఆ తరవాతే కొత్త గింజ వండుకుంటారు. బాప్తిస్మం తీసుకుని సుక్రు సైలస్‌గా మారిన ఏడాది, అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు, ఆమె కంటే ముందు గుహలోకి వెళ్లి సుత్తితో ఆ మొన విరగ్గొట్టాడు. వెన్నుతో వచ్చిన మనిషికి ముక్క చూపించి, వట్టి రాయే పెద్దమ్మా అన్నాడు. అలా చెయ్యమని పాస్టరుగారు చెప్పలేదు. చెప్పి ఉంటే తప్పులో కొంత ఆయనకు పంచి ఉండేవాడు.

సోములమ్మ తిట్టలేదు. మొన లేని రాయికి కొత్త పెట్టకూడదని వెన్నును వెనక్కి తీసుకుపోయింది. దోషం నాది, మీరు తినండి అని ఇంట్లోవాళ్లకు చెప్పి, తాను మాత్రం అప్పటినుంచీ ఏటా నిరుటి పాత సామే తింటూ వచ్చింది, పురుగు పట్టినా సరే.

ముక్క సైలస్ ఇంట్లో దీపపు గూట్లో పడి, చిమ్నీ మసికి నల్లబడిపోయింది. తిరిగి ఇస్తే అది వట్టి రాయి కాదని తానే ఒప్పుకున్నట్టవుతుందని ఇవ్వలేదు. ప్రార్థనలో ‘మా ఋణములు క్షమించుము’ అన్నచోట మాత్రం అతని నోరు తడబడేది.

మధ్యాహ్నం అతని భార్య మగ్దలేనమ్మ గుహ దగ్గరికి వచ్చింది. సోములమ్మ మంచం పట్టి నెలయింది. పాత సామ నిండుకుందట. ఆమె కోడలు దేముడమ్మ కొత్త సామ గంజి తీసుకెళ్తే నాలుగు రోజులుగా మొహం తిప్పేసుకుంటోందట. మగ్దలేనమ్మ కొంగు ముడి విప్పింది. అందులో మసిపట్టిన ముక్క, ఒక కొత్త సామవెన్ను ఉన్నాయి.

“ముక్క సూపించినాను. తలగడ కిందనుంచి ఎన్ను తీసి ఇచ్చినాది. ఇరిసినోడే ఎట్టాలంట.” సైలస్ కదలకపోయేసరికి మళ్లీ అంది. “బేగెల్లు. యేసయ్యకి నాను సెప్పుకుంతాన్లే.”

అతను ఒక్కడే చిన్న గదిలోకి వెళ్లాడు. దీపం కింద పెట్టి, ముక్కను విరిగిన రాతి మోడు మీద ఆనించాడు. నిలబడలేదు. తిప్పి చూశాడు, అయినా కుదరలేదు. ముక్క అడుగున విరుపు ఆనాటి లాగే గరుగ్గా ఉంది. మోడు మీద వేలితో రాశాడు. విరుపు జాడ లేదు. గోరు మందాన తెల్లటి పొర కప్పేసి, నున్నగా, తడిగా, గుండ్రంగా ఉంది. తాను నిద్రపోయిన రాత్రుళ్లన్నీ అది పెరుగుతూనే ఉంది. ఎవరు పెంచారని అడగాల్సిన పని అతనికి లేకపోయింది. తల మీది గుడ్డ తీసి, తనను క్షమించమని తన దేవుణ్ణి వేడుకున్నాడు. ఆ తరవాత మోడు పక్కనే, చుక్క చిందే చోట, ముక్కను నిలబెట్టి, దాని ముందు వెన్ను పెట్టాడు.

సాయంత్రం మంచం పక్కన కూర్చుంటే సోములమ్మ కళ్లు తెరవకుండానే అడిగింది.

“ఎట్టినావేట్రా సుక్రూ?”

“ఎట్టినాను పెద్దమ్మా. ముక్క అతకనేదు. రాయి పెరిగిపోనాది.”

“మరేటనుకున్నావు,” అంది ఆమె.

దేముడమ్మ కొత్త సామ గంజి తెచ్చింది. సోములమ్మ మూడు గుక్కలు మింగి, చాలని చెయ్యి అడ్డం పెట్టింది. దీపాలు పెట్టే వేళకు ఆ చెయ్యి చల్లబడింది.

మూడోనాడు సైలస్ పనిలోకి వచ్చి, ముందుగా చిన్న గదిలోకి వెళ్లి దీపం ఎత్తాడు. వెన్నులో గింజలు ఏ ఎలుకో తినేసింది. ముక్క మాత్రం నిలబెట్టినచోటే ఉంది. చుక్క చింది తగిలినచోట మసి కరిగి, దాని నల్లటి ఒంటి మీద సన్నటి తెల్లచార ఒకటి కిందికి దిగుతోంది.