రాజలింగు చెప్పలేని జవాబు

రాజలింగు తార్నాకలో శ్యామలాంబ ఇంట్లో అద్దెకుంటూ యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. అది 1967 సెప్టెంబరు. మన దేశం అణుబాంబు చేయకూడదని ఆ సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ చర్చలో మాట్లాడాలి. చెప్పవలసిందంతా కంఠతా వచ్చు.

పొద్దున యూనివర్సిటీకి బయల్దేరుతుంటే శ్యామలాంబ పేపరు పట్టుకుని ఎదురొచ్చింది. సిక్కిం సరిహద్దులో, నాథులా కనుమ దగ్గర చైనా సైన్యానికీ మనకూ కాల్పులు మొదలయ్యాయి. ఆమె కొడుకు భాస్కరం అక్కడే జవాను.

"మొన్న జూన్‌లో వాళ్ళు హైడ్రోజన్ బాంబు పేల్చారు కదా నాయనా! మన దగ్గరా ఒకటుంటే మావాడి జోలికి వచ్చేవాళ్ళా?"

రాజలింగు ఆ వార్త రెండుసార్లు చదివి, పేపరు ఆమె చేతికిచ్చి బయటికి నడిచాడు.

సాయంత్రం వేదికెక్కి, "బాంబు మనల్ని కాపాడదు" అని మొదలుపెట్టాడు. అంతలో ఆమె ముఖం కళ్ళ ముందు మెదిలింది. "కాపాడుతదేమో కూడా... నాకే సమజ్ అయితలేదు" అని దిగిపోయాడు. వెనక వరసల్లోంచి ఈలలు వేశారు.

ఇంటికొచ్చేసరికి శ్యామలాంబ అరుగు మీద కూర్చునుంది.

"చర్చలో ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేకపోయిన అమ్మా. మనం ఒకటి చేస్తే వాళ్ళు పది చేస్తరు. చెయ్యకుంటే భాస్కరం సంగతేందని మీరడుగుతరు."

"నాకు మాత్రం ఏం తెలుసు? పొద్దున కావాలనిపించింది. ఇప్పుడు తలుచుకుంటేనే భయమేస్తోంది."

వారం తిరక్కుండానే కాల్పులు ఆగాయి. భాస్కరం క్షేమమని తంతి వచ్చింది. శ్యామలాంబ పాయసం వండిపెడితే రాజలింగు సంతోషంగానే తిన్నాడు. కానీ ఆ కాల్పులు ఎందుకు ఆగాయో, మళ్ళీ మొదలైతే ఎందాకా పోతాయో అతనికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.