దొరసాని గీసిన దీర్ఘవృత్తం

మా పక్కింటాయన రిటైరైన జడ్జిగారు. ఉద్యోగం వదిలారు గానీ తీర్పులు వదల్లేదు. ఆ ఆదివారం పొద్దున్నే కంచె అవతల నిలబడి మా అత్తగారి మేకకు శిక్ష వేశారు.

"నాలుగు క్యాబేజీలు మాయం. సాయంత్రంలోగా దాన్ని అమ్మేయండి. లేదంటే మున్సిపాలిటీ వాళ్లకి ఫోన్ చేస్తాను."

మేక పేరు దొరసాని. మామగారు పోయాక మూడు నెలలపాటు నోరు విప్పని మా అత్తగారు, మొదట మాట్లాడింది ఆ మేకతోనే. మాట్లాడటమంటే తిట్టడమే అనుకోండి. ఏదైతేనేం, ఇల్లు మళ్లీ ఇల్లయింది. ఇప్పుడావిడ మెట్టు మీద కూలబడి, "ఇది పోతే పొద్దున్నే నేనెవర్ని తిట్టాలే అమ్మాయ్?" అన్నారు.

ఇంకెవర్ని, నన్నే.

నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. "ఆ గుడ్డు బొమ్మలకి కూడా జీతమిస్తారా!" అని అత్తగారు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు. ఆవిడ అంటున్న గుడ్డు బొమ్మ దీర్ఘవృత్తం. నేను బోర్డు మీద గీస్తే అది గుడ్డులా కూడా రాదు, వంకాయలా వస్తుంది. ఆ పొద్దున పెరట్లోకి చూసి నోరు తెరిచాను. దొరసాని మేసినంత మేరా గడ్డి నున్నగా పోయి, చుట్టూ ఏపుగా నిలిచి ఉంది. ఎక్కడా వంకర లేని దీర్ఘవృత్తం! ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు చేతకానిది ఒక మేక తింటూ తింటూ గీసేసింది. ఒళ్లు మండింది కూడా.

అదెలా వచ్చిందంటే, ఒక్క గుంజకు కడితే దొరసాని దాని చుట్టే తిరిగి మెడకు ఉరి బిగించుకుంటోందని, అత్తగారు పన్నెండు అడుగుల దూరంలో రెండు గుంజలు పాతారు. ఇరవై అడుగుల తాడును మేక మెడపట్టీకున్న రింగులోంచి దూర్చి, రెండు కొసలూ రెండు గుంజలకు కట్టారు. రింగు తాడు మీద జారుతుంది. తాడు బిగిసినచోట మేక ఆగిపోతుంది. అంటే అక్కణ్ణుంచి రెండు గుంజలకూ ఉన్న దూరాలు కలిపితే ఎప్పుడూ ఇరవయ్యే. దీర్ఘవృత్తమంటే అంతే. ఆ గుంజలే నాభులు.

"జడ్జిగారూ, అప్పీలుంది" అన్నాను.

ఆయన టేపు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. "తాడు ఇరవై అడుగులు, అందులో సగం పది. పైన మెడ ఒక అడుగున్నర. మొత్తం పదకొండున్నర. మీ గుంజల వరస నుంచి కంచె పది, నా క్యాబేజీలు పదకొండు. ఇంకేం కావాలి?"

"పొడుగునా పది, ఒప్పుకుంటా. పక్కకి అంత రాదండీ. మేక సరిగ్గా మధ్యన పక్కకి లాగిందనుకోండి, తాడు చెరో పది అడుగులవుతుంది. మధ్య నుంచి గుంజ ఆరడుగులు. పది పదులు వంద, ఆరార్లు ముప్ఫై ఆరు, తీసేస్తే అరవై నాలుగు. అంటే ఎనిమిదడుగులే!"

సుద్దముక్క తెచ్చి పెరటి గచ్చు మీద రాశాను: x²/100 + y²/64 = 1.

"మీ క్యాబేజీలు పోయింది కుడి గుంజకు ఎదురుగా. x దగ్గర ఆరు పెట్టండి. y ఆరు పాయింట్ నాలుగు వస్తుంది. మెడ కలిపినా ఎనిమిది దాటదు. కంచెకే రెండడుగులు తక్కువ!"

ఆ ఆరు పాయింట్ నాలుగును నాభిలంబంలో సగం అంటారు. "దీంతో ఏం పని మేడమ్?" అని ఏటా అడిగే పిల్లల్ని ఆ క్షణంలో అందర్నీ పిలిచి చూపించాలనిపించింది.

జడ్జిగారు సాక్ష్యం లేనిదే నమ్మరు. కుడి గుంజకు ఎదురుగా కంచె తీగల మధ్యన క్యాబేజీ ఆకు పెట్టి ఊపుతూ, "దొరసాని గారూ, ఇటు రండి" అని బతిమాలారు. దొరసాని పరుగున వచ్చింది. తాడు బిగిసింది. నాలుక బారెడు చాపింది. అందలేదు. అత్తగారు చప్పట్లు కొట్టారు.

"ఆగండి! ఆ మేక గడ్డానికి అంటుకున్నదేంటి?" అన్నారు జడ్జిగారు.

చూశాను. క్యాబేజీ ఆకు. తాజాది. మేక సంగతి దేవుడెరుగు, సమీకరణం అబద్ధమైతే రేపు క్లాసులో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? గచ్చు మీది లెక్క మళ్లీ చేశాను. తప్పు లేదు.

"మేక క్యాబేజీ దగ్గరికి వెళ్లలేదు. క్యాబేజీయే మేక దగ్గరికి వచ్చింది!" అన్నాను.

కంచె అవతల వాకిట్లో నిలబడ్డ జడ్జిగారి భార్య చేతిలోని చీపురు కింద పడింది.

"అవును, నేనే విసిరాను" అన్నారు పిన్నిగారు. "మూడు నెలలండీ! పొద్దున క్యాబేజీ, రాత్రి క్యాబేజీ. ఉడికించాను, వేయించాను, నూరాను. కలలో కూడా పొరలు ఒలుస్తున్నాను. తోటలో ఉంటేనే కదా వండమంటారు!"

జడ్జిగారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. మేకను నిర్దోషిగా వదిలేశారు. భార్యకు మాత్రం ఏ శిక్షా వేయలేదు. మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లోనే చేయాలి మరి. కానీ మర్నాటి నుంచి కాపలాకి కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నారు, భార్య మీద ఒక కన్నేసి.

మర్నాడు పొద్దున కాలేజీకి బయల్దేరుతుంటే పెరట్లో దబదబ చప్పుడు. అత్తగారు కొంగు బిగించి గుంజలు పీకి మళ్లీ పాతుతున్నారు, ఇంకాస్త దగ్గరగా. కంచె అవతల కుర్చీలో జడ్జిగారు, భార్య ఉన్న వంటింటి వైపు తిరిగి కాపలా కాస్తున్నారు.

"మీ పిన్నిగారిని కదలనివ్వట్లేదమ్మాయ్" అని అత్తగారు గుసగుసలాడారు. "గుంజలు దగ్గరైతే పక్కకి ఎక్కువొస్తుంది కదా, నీ లెక్కలో? ఆరడుగుల దూరానికి జరిపా. చాలుతుందా?"

బస్సుకు టైమైంది. అయినా చెప్పులు విడిచి గచ్చు మీద కూర్చున్నాను. ఆరులో సగం మూడు, మూడు మూళ్లు తొమ్మిది. వందలోంచి తొమ్మిది తీస్తే తొంభై ఒకటి. దాని వర్గమూలం తొమ్మిదిన్నర పైచిలుకు. మెడ ఒక అడుగున్నర.

ఇరవై ఏళ్లలో నేను చెప్పిన పాఠాన్ని తీసుకెళ్లి పనిలో పెట్టిన మొదటి మనిషి మా అత్తగారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"సరిగ్గా పదకొండు అత్తయ్యా" అన్నాను. "మొదటి వరస అందుతుంది. దాన్ని చప్పుడు చేయకుండా తినమనండి."