కామర్స్ చదువుతున్న కూతురు

నా భర్త వెలీలె గురువారం పోయాడు. ఆ పొద్దున కార్ల ఫ్యాక్టరీ బస్సు కోసం బయల్దేరుతూ ఆయన నా మీద కోపంగా ఉన్నాడు.

"శనివారం మా అక్క వస్తోంది. దానికి నేనే చెప్తాను, మాబెలె," అన్నాడు బూట్ల తాళ్ళు బిగించుకుంటూ. పెళ్ళయిన ఆడవాళ్ళని పుట్టింటి వంశం పేరుతో పిలవడం మా మ్డంట్సానే ఊళ్ళో మర్యాద. "నా కూతురు బొమ్మలూ అక్షరాలూ గీసే చదువు చదువుతోందని చెప్తాను. దొంగతనమేం కాదుగా?"

"మీ అక్క నోరు సంగతి తెలుసుగా."

"దాని నోరు పుట్టినప్పట్నుంచీ తెలుసు. అర్థం కానిది నీ నోరే. అబద్ధమాడిన పిల్లల్ని క్లాసులో గోడ వైపు తిప్పి నిలబెడతావు. ఇంట్లో నిన్నెవరు నిలబెట్టాలి?"

నేను పళ్ళెం తీసి కడగడం మొదలుపెట్టాను. ఆ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలబడిపోయాడట. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది.

సిగ్గుగా ఉన్నా ఒక సంగతి రాయాలి. ఆ సాయంత్రం మా ఆచారం ప్రకారం గదిలో సామానంతా బయట పెట్టి, నేల మీద పరుపు వేసి, నన్ను దాని మీద కూర్చోబెట్టారు. దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాను. ఆ ఏడుపు నిజమైనదే. ఆ ఏడుపు మధ్యలోనే నాకు తట్టింది, శనివారం ఇక ఎవరూ ఏమీ చెప్పరని.

లిండెల్వా మాకు ఒక్కతే కూతురు. పోర్ట్ ఎలిజబెత్‌లో కామర్స్ సీటు వచ్చినప్పుడు స్టాఫ్ రూములో కేకులు పంచాను. ఏడాది తిరక్కుండానే అది వదిలేసి డిజైన్ చదువులో చేరింది. ఆ మార్పు కాగితం మీద సంతకం వాళ్ళ నాన్న పెట్టాడు. నాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా నేను లెక్కల పుస్తకాల వెనక పేజీల్లో పిల్లలు గీసిన బొమ్మల్ని రబ్బరు పెట్టి చెరిపిస్తున్నాను. టీచరమ్మ కూతురు బొమ్మలు గీస్తోందని ఎవరితోనూ అనలేకపోయాను. "బొమ్మలు గీసేవాళ్ళు చివరికి టాక్సీల మీద పేర్లు రాసుకుంటారు," అని ఆయన అక్క, మా వదిన నొజుకో, ఒకసారి ఎవరి గురించో అంది. అది నా కూతురి గురించే అన్నట్టు నాకు గుచ్చుకుంది.

మా దగ్గర అచ్చు వేసిన చిన్న పుస్తకం లేకుండా పోయిన మనిషిని సాగనంపరు. పోయినవాళ్ళ ఫొటో, పాడే కీర్తనలు, మాట్లాడేవాళ్ళ వరస, చివర జీవిత కథ. ఆ కథని అంత్యక్రియల టెంటులో అందరి ముందూ చదువుతారు. తర్వాత ఆ పుస్తకం ప్రతి ఇంట్లోనూ బైబిలు పక్కన ఉండిపోతుంది. మామూలుగా కథ రాసేది బంధువులు. నేను టీచర్ని కాబట్టి కాగితం నా చేతికే ఇచ్చారు. పరుపు మీద కూర్చుని గీతల కాగితం మీద రాశాను. చివరి వాక్యం ఇది: "ఆయనకు భార్య, కామర్స్ చదువుతున్న ఒక్కగానొక్క కూతురు లిండెల్వా ఉన్నారు."

లిండెల్వా బస్సు దిగి నేరుగా వచ్చింది. పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తర్వాత, "పుస్తకం నేను చేస్తానమ్మా," అంది. కాగితం ఇచ్చాను. మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది.

"ఇది ఇలాగే ఉంచాలా?"

"ఉంచు."

"సరే," అని కాగితం మడిచి లేచింది.

వంటగది బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని రెండు రోజులు పనిచేసింది. చుట్టూ ఆడవాళ్ళు గుమ్మడికాయలు కోస్తున్నారు, క్యాబేజీ తరుగుతున్నారు. అట్ట మీద ఏ ఫొటో వేస్తోందో చూసి నొజుకో వదిన కేకలు పెట్టింది.

"ఇదేంటే? ఫ్యాక్టరీ బట్టల్లో మా తమ్ముడు? కోటు వేసుకున్న ఫొటో ఇంట్లో లేదా?"

"ఉంది అత్తా. అందులో నాన్న నాన్నలా లేడు. ఎవరో బ్యాంకు మేనేజరులా ఉన్నాడు."

"బ్యాంకు మేనేజరైతే నీకేం నొప్పి?"

అన్నది గానీ వదిన ఆ ఫొటో వైపే చూస్తూ నిలబడింది. అందులో వెలీలె ముందు పన్ను ఊడిన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కాసేపటికి శాలువ అంచుతో కళ్ళు తుడుచుకుని, "వెధవ, పన్ను కట్టించుకోమంటే కట్టించుకోలేదు," అంటూ వెళ్ళిపోయింది.

ప్రతి పేజీ అడుగునా లిండెల్వా సన్నగా ఒక కొండ గీత గీసింది. కీ నది అవతల, ఆయన పుట్టిన ఊళ్ళో పశువుల దొడ్డి దగ్గర నిలబడితే కనబడే కొండ. అంత్యక్రియల రోజు టెంటులో ముసలివాళ్ళు దాని మీద వేలు పెట్టి ఒకరికొకరు చూపించుకున్నారు. వదిన కథ చదివింది. చివరి వాక్యం గట్టిగా, గర్వంగా చదివింది. లిండెల్వా నా పక్కనే తల వంచుకుని కూర్చుంది. తన చేత్తో పేర్చిన అక్షరాలు అవి.

నల్లబట్టలు కట్టి నన్ను ఏడాది శోకంలో పెట్టారు. శోకంలో ఉన్న మనిషి గట్టిగా మాట్లాడకూడదు, నలుగురిలో ముందు కూర్చోకూడదు, పండగలకూ విందులకూ వెళ్ళకూడదు. ఆ నియమాలు నాకు బాగా పనికొచ్చాయి.

బడికి తిరిగి వెళ్ళిన రెండో వారం మా హెడ్‌మాస్టరు న్టాంటిసో గారి తల్లి పోయింది. ఆయన మా పుస్తకం చేత్తో పట్టుకుని నా క్లాసు గుమ్మంలోకి వచ్చారు.

"మిస్, ఇది ఎవరు చేశారు? మా అమ్మకీ ఇలాంటిదే కావాలి."

"టౌన్లో పీటర్సెన్ గారి దగ్గర అచ్చు వేయించాం సార్," అన్నాను.

అచ్చు వేసింది అక్కడే. మాటల్ని జాగ్రత్తగా వాడటం నా వృత్తి. ఆ రోజు కూడా జాగ్రత్తగానే వాడాను.

నాలుగు రోజులకి లిండెల్వా ఫోన్ చేసింది.

"అమ్మా, మీ న్టాంటిసో గారి పని నాకొచ్చింది."

"నీకెలా వచ్చింది?"

"పీటర్సెన్ పంపాడు. ఇలాంటిది తన వల్ల కాదట. ఫోన్లో ఒకటే నవ్వు. 'మీ అమ్మ బడి హెడ్‌మాస్టరు నీ పుస్తకమే తెచ్చి నాకు చూపిస్తున్నాడు, అది నువ్వు చేశావని ఆయనకి తెలియదమ్మాయ్' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చెప్పొద్దన్నాను." తర్వాత, "బాగా తింటున్నావా?" అంది.

చదువు ఆఖరి నెలలంతా అలాగే చేసింది. పోర్ట్ ఎలిజబెత్‌లో క్లాసులు, సెలవుల్లో ఇక్కడ చావు ఇళ్ళు. పని తనది, పేరు పీటర్సెన్‌ది. చదువు పూర్తవగానే టాక్సీ స్టాండు పక్కన ఒక ఇనప కంటైనర్ అద్దెకి తీసుకుంది. దానికి నీలం రంగు వేసి, పైన వాళ్ళ నాన్న పేరు రాసుకుంది. ప్రారంభానికి రమ్మంది. "నల్లబట్టల్లో ఉన్నదాన్ని, శుభం జరిగే చోటికి ఎలా వస్తాను?" అన్నాను. నిజమే, వెళ్ళకూడదు. వెళ్ళకూడనందుకు నాకు హాయిగా ఉందని మాత్రం చెప్పలేదు.

తన పని గురించి నాకు వేరేవాళ్ళ ద్వారానే తెలిసేది. ఒకరోజు నొజుకో వదిన వచ్చి కుర్చీలో కూలబడి కబుర్లు మొదలుపెట్టింది.

"నీ కూతురు వింత మనిషే, మాబెలె. చావు ఇంటికి వెళ్తే, పోయినాయన ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు పుట్టాడు అని అడగదట. పరుపు పక్కన నేల మీద కూర్చుని, ఇంటికి రాగానే ముందు ఏమనేవాడు అని అడుగుతుందట. అన్నీ రాసుకుంటుందట. అచ్చుకి పంపే ముందు మళ్ళీ మొత్తం వాళ్ళకి చదివి వినిపిస్తుందట. ప్రతి వాక్యానికీ ఆగి, ఇది ఇలాగే ఉంచాలా అంటుందట."

నేను టీ కలుపుతున్నాను. చెంచా ఆపాను.

"జనం మార్చుకుంటారట కూడాను! మొన్న ఒకావిడ, మా ఆయన చర్చి పెద్ద అన్నది కొట్టెయ్యమ్మా, ఆయన ఈస్టరుకి తప్ప చర్చికి వెళ్ళలేదు అందట. వింటున్నావా?"

"వింటున్నాను వదినా."

"ఎవరు నేర్పారో ఆ పిల్లకి."

ఏడాది నిండిన శనివారం తెల్లవారుతుండగా నా నల్లబట్టలు విప్పి కాల్చారు. కొత్త బట్టలు కట్టారు. బీరు కుండలు వచ్చాయి, గొర్రెను కోశారు. ముందు గదిలో బంధువులు, చర్చి ఆడవాళ్ళు, న్టాంటిసో గారు. లిండెల్వా అందరికీ బీరు గిన్నె అందిస్తోంది. నొజుకో వదిన లేచి మాట్లాడింది.

"మా తమ్ముడు పోయాడు గానీ పిల్లని దారిలో పెట్టి పోయాడు. చూడండి, కామర్స్ చదివింది కాబట్టే ఇంత చిన్న వయసులో వ్యాపారం నడుపుతోంది. మీ పిల్లలకి బొమ్మలూ పాటలూ మాన్పించి లెక్కలు నేర్పించండి! ఏమంటావు మాబెలె? టీచరమ్మవి, నువ్వు చెప్పు. ఇవాళ్టి నుంచి నీకు గొంతు వచ్చింది."

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. లిండెల్వా గిన్నె రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయింది. నా వైపు చూసింది. అడిగే చూపు కాదది. వినడానికి నిలబడిన మనిషి చూపు.

నేను లేచాను. వచ్చినవాళ్ళందరికీ కృతజ్ఞతలు చెప్పాను. ఏడాది పాటు నీళ్ళు మోసి, ప్రార్థనలు చేసి తోడుగా ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాను. ఒక్క పేరు కూడా మరిచిపోలేదు. లిండెల్వా గురించి, "మంచి కూతురు," అన్నాను. కూర్చున్నాను.

లిండెల్వా వచ్చి గిన్నె నా చేతికిచ్చింది. "తాగమ్మా," అంది. తర్వాత వరండాలోకి వెళ్ళి పెద్దవాళ్ళకి మాంసం వడ్డించడం మొదలుపెట్టింది.

అది జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు కంటైనర్‌లో రెండు మిషన్లు ఉన్నాయి, పనిచేయడానికి ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. న్టాంటిసో గారు తన కొడుకుని కామర్స్‌లో చేర్చారు. లిండెల్వాని చూసే చేర్చానని స్టాఫ్ రూములో నాతో అన్నారు. నేను, "మంచిది సార్," అన్నాను. ఆ కుర్రాడు గిటారు బాగా వాయించేవాడు.

ఆదివారాలు లిండెల్వా ఇంటికి వస్తుంది. ఇద్దరం భోంచేస్తాం. తన పని గురించి నేను అడిగితే చెప్తుంది. అడగకపోతే చెప్పదు. నా మీద ఎప్పుడూ కోపగించుకోలేదు. కోపగించుకుంటే నాకు సులువయ్యేది.

మా వదినకి గానీ, న్టాంటిసో గారికి గానీ, చర్చిలో గానీ నేను ఇంకా నిజం చెప్పలేదు. నా కూతుర్ని క్షమించమని అడగలేదు. ఆ కంటైనర్‌లో ఇంతవరకు అడుగు పెట్టలేదు.