తిప్పి చూడని పుట్టగొడుగు

ఆరేళ్ళు, నాలుగు వందల మంది, ఒకే ఒక్క వీడియో గేమ్. అందులో కోటలు తగలబడతాయి, గుర్రాల ఒంటి మీద చెమట కూడా మెరుస్తుంది. బ్ర్నో నగరంలోని మా కంపెనీలో ఆ ఆటకు పెద్దని నేనే. అదే అంతస్తులో చివరి గదిలో హెద్వికా ఒక్కతే కూర్చుని ఇంకో ఆట తయారు చేస్తుండేది. అడవి, బుట్ట, పుట్టగొడుగులు. అంతే. ఇరవై ఏళ్ళ క్రితం ఈ పనిలోకి ఇద్దరం కలిసే దిగాం.

ఆ గురువారం పొద్దున ఆమె ఆటను ఆపేయమనే కాగితం మీద సంతకం పెట్టి యజమానులకు పంపాను. హెద్వికాను నా ఆటలో నాచు గీసే పనికి మార్చమని రాశాను. ఆమె చేసింది నేనొక్కసారీ ఆడలేదు. ఆడటానికి అందులో ఏముందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం బయటివాళ్ళను పిలిచి నా ఆట ఆడించాం. వాళ్ళు ఆడుతుంటే నేను అద్దం వెనక నిలబడి చూడాలి, నోరు మెదపకూడదు. మొదట వచ్చింది బొజెనా అనే పెద్దావిడ. ట్రాముల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి.

తెర మీద కోట అంటుకుంది. సైనికులు గగ్గోలు పెడుతున్నారు. ఆవిడ అటు కన్నెత్తి కూడా చూడలేదు. గుర్రం దిగి ఓ చెట్టు కింద వంగింది. అక్కడ అందం కోసం మా చిత్రకారులు గీసిన పుట్టగొడుగులున్నాయి.

"ఇదేంటి, చేతికి రాదేం?" అంది మీట నొక్కీ నొక్కీ.

"అవి కోయడానికి కాదమ్మా, ఊరికే బొమ్మలు," అన్నాడు పక్కనున్న మావాడు.

"కోయడానికి కాకపోతే ఎందుకు పెట్టినట్టు నాయనా? ఊరించడానికా?"

తర్వాత వచ్చిన ఐదుగురూ అక్కడే వంగారు. మా వైపు పుట్టగొడుగు కనిపిస్తే ఎవరూ దాటిపోరు. ఆ సంగతి నాకు తెలియక కాదు. "కనీసం కోసుకోనివ్వవయ్యా" అని హెద్వికా రెండుసార్లు అడిగింది. మన ఆటలో వీరుడికి అంత తీరిక లేదని నవ్వేశాను.

బొజెనా ఇంటికి పోలేదు. హెద్వికా పిలిస్తే ఆ చివరి గదికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద చెట్లు చిన్నపిల్లలు గీసినట్టున్నాయి. పుట్టగొడుగు దగ్గర వంగాలి, గొడుగు తిప్పి అడుగున చూడాలి, మంచిదైతే బుట్టలో వేయాలి. విషపుది ఒక్కటి పడినా బుట్టంతా పారబోయాల్సిందే.

"మా ఆయన పోయాక అడవి మొహం చూడలేదమ్మాయ్. మోకాళ్ళు ఒప్పుకోవు," అంది బొజెనా. రెండు గంటలసేపు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ కూర్చుంది.

ఆవిడ వెళ్ళాక హెద్వికా కుర్చీ నా వైపు జరిపింది. "కూర్చో వెండెలిన్. ఒక్క బుట్ట."

లావుగా నిగనిగలాడే వాటిని చకచకా వేశాను. నాలుగోదానికే బుట్ట ఖాళీ అయిపోయింది. నా చెయ్యి మళ్ళీ దానంతటదే మీట మీదికి వెళ్ళింది. నా ఆటలో నాకెప్పుడూ అలా కాలేదు. మేమంతా కలిసి జనం చూడ్డానికి అన్నీ పెట్టాం, చేతికి మాత్రం పని ఇవ్వలేదు.

"తిప్పి చూశావా?" అంది.

"లేదు."

"చూడవు. నా కాగితం మీదా అలాగే పెట్టావుగా సంతకం."

అక్కడి నుంచే యజమానుల్లో ఒకాయనకి ఫోన్ చేసి, ఆ కాగితం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఆలస్యమైందన్నాడాయన. ఆ కాగితం సంగతి తెలిసి హెద్వికా పదకొండింటికే రాజీనామా ఇచ్చిందట, దాన్ని వాళ్ళు ఒప్పుకున్నారట. ఆట మాత్రం కంపెనీదే, బీరువాలోకి పోతుందట.

"నాచు గీయడానికి నేను పుట్టలేదయ్యా," అని హెద్వికా కోటు తగిలించుకుంది. ఉండమని అడిగే మొహం నాకు లేదు.

వసంతంలో నా ఆట విడుదలైంది. పట్టుబట్టి అందులో పుట్టగొడుగులు కోసుకునే ఏర్పాటు చేయించాను. కోట గురించి పత్రికలు రాశాయి. నాకు మాత్రం ఒకే ఒక ఉత్తరం వచ్చింది, బొజెనా దగ్గర్నుంచి.

"నాయనా, మా మనవడు నీ ఆట కొనిచ్చాడు. ఇప్పుడు కోసుకోనిస్తున్నారు, సంతోషం. కానీ తిప్పి చూడనివ్వడం లేదు. అడుగున ఏముందో చూడకుండా బుట్టలో ఎలా వేసుకోను? ఆ అమ్మాయి చేసిన ఆట ఎక్కడ దొరుకుతుందో చెప్పు."

ఆ ఉత్తరం ఇంకా నా బల్ల మీదే ఉంది. ఏమని రాయను?